పిల్లల తొట్టిలో నీళ్లు

నీరు తేటగా కనిపించినంత మాత్రాన శుభ్రమైనదని నమ్మరాదని 31 సంవత్సరాలు తరగతి గదిలో పాఠం చెప్పినవాడను నేను. గాజుగ్లాసులో నీళ్లు పోసి, కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టి, "ఇందులో ఏమైనా కనబడుతున్నదా?" అని అడగడం, పిల్లలు ముక్తకంఠంతో "లేదు సార్" అనడం, "కనబడనివే ఉన్నవి" అని నేను గంభీరంగా పలకడం ఏటేటా జరిగిన తంతు. ఆ పాఠాన్ని నేను నిజంగా నేర్చుకున్నది మాత్రం ఉద్యోగ విరమణ చేసిన తరువాత, రాజమహేంద్రవరంలో మా ఇంటి డాబా మీద, గాలి ఊదిన ఒక ప్లాస్టిక్ తొట్టి ప్రక్కన నిలబడి.

వేసవి సెలవులకు మనుమలు ఇద్దరు వచ్చినారు. వారితోబాటు ఆ తొట్టి కూడ వచ్చినది. గుండ్రనిది, నాలుగడుగుల వెడల్పు. అడుగున నీలం రంగు మీద ఎర్రచేపల బొమ్మలు. గాలి ఊదితే ఉబ్బి నిలబడుతుంది. బిరడా తీస్తే కూలబడుతుంది. వడపోత లేదు, యంత్రం లేదు, నీరు వచ్చే గొట్టం లేదు. బిందెలతో పోసుకోవలసినదే. జానెడుకు కొంచెం తక్కువ లోతున నీరు నిలవడానికి పదిహేను బిందెలు పట్టినవి. మొదటిరోజు నేనే మోసినాను. పిల్లల కేకలు వీధి చివరి దాకా వినబడినవి. ప్రక్కయింటి పిల్లలు ఇద్దరు మెట్లెక్కి వచ్చినారు. వారిలో చిన్నవాడికి మూడేళ్లు.

మూడవనాటి ఉదయం మా ఇంట ఒక వివాదం పుట్టినది. "మామయ్యగారూ, ఈ నీళ్లు పారబోసి కొత్తవి పోద్దామండి," అన్నది కోడలు. "మే నెలలో పదిహేను బిందెలు నేలపాలు చేస్తామా? కుళాయి ఎంతసేపు వస్తున్నదో ఎరుగుదువు కదా!" అన్నది నా భార్య. ఇద్దరూ నా ముఖం చూచినారు. నేను తొట్టిలోకి వంగి చూచినాను. ఎర్రచేపలు పొలుసులతో సహా స్పష్టంగా కనబడుతున్నవి. "నీళ్లు తేటగానే ఉన్నవమ్మాయీ, ఇంకో రెండురోజులు ఉండనీ," అని తీర్పు చెప్పినాను. గ్లాసు పట్టుకొని 31 సంవత్సరాలు చెప్పిన పాఠం ఆ క్షణాన ఎక్కడకు పోయినదో నాకు తెలియదు.

నాలుగవనాడు తొట్టి లోపలి గోడకు చేయి తగిలితే జారినది. దానిని గమనించినాను, పట్టించుకోలేదు. ఆరవనాటికి నలుగురు పిల్లలలో ముగ్గురికి విరేచనాలు. మా వాళ్లకు ఉప్పు, పంచదార కలిపిన నీళ్లతో నెమ్మదించినది. ప్రక్కయింటి చిన్నవాడు మాత్రం కళ్లు లోతుకు పోయి, ఏడ్చినా కన్నీరు రాని స్థితికి వచ్చినాడు. ఆసుపత్రిలో రెండు రాత్రులు సెలైన్ ఎక్కించవలసి వచ్చినది. "ఎక్కడి నీళ్లు త్రాగినాడు?" అని డాక్టరుగారు అడిగినప్పుడు ఆ తల్లి నా వైపు చూడలేదు. చూచి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ జబ్బు తొట్టి నీటివల్లనే వచ్చినదని రుజువు లేదు. అవి మామిడిపండ్ల రోజులు. పిల్లలు నలుగురూ వీధిలో ఐసుపుల్లలు తిన్నారు. ఈ సందేహాన్ని నా సమాధానం కోసం నేను పదిసార్లు తలచుకొన్న మాట నిజం. కాని, ఆ చిన్న నీటిమడుగును గురించి నేను ఒక్కసారైనా శ్రద్ధగా ఆలోచించలేదన్నది అంతకంటె పెద్ద నిజం. ఆలస్యంగానైనా ఆలోచించి తెలుసుకొన్నవి, ఉపాధ్యాయ మిత్రులకు, విద్యార్థులకు ఉపకరిస్తవని ఇక్కడ వ్రాస్తున్నాను. ఇట్టి తొట్లు ఇప్పుడు ఇళ్లలోనే గాక, పసిపిల్లల బడులలో కూడ వేసవి వచ్చేసరికి కనబడుతున్నవి.

మొట్టమొదట ఒక లెక్క. నాలుగడుగుల వెడల్పు అంటే సుమారు 1.2 మీటర్లు, వ్యాసార్ధం 0.6 మీటరు. 20 సెంటీమీటర్ల లోతున నీరు నింపితే 3.14ను 0.36తోను, దానిని 0.2తోను గుణించవలె. వచ్చేది 0.226 ఘనపు మీటరు. అనగా ఇంచుమించు 225 లీటర్లు. నేను మోసిన బిందెల లెక్కకు ఇది సరిపోయినది. ఒలింపిక్ పోటీలు జరిగే ఈత కొలను పొడవు 50 మీటర్లు, వెడల్పు 25 మీటర్లు, లోతు 2 మీటర్లు అనుకొంటే అందులో పట్టే నీరు 25 లక్షల లీటర్లు. ఇప్పుడు పెద్దదానిని చిన్నదానితో భాగించి చూడండి: పదకొండు వేల పైచిలుకు వస్తుంది. మా తొట్టిలో ఒక పిల్లవాడు దిగడం, ఆ మహాకొలనులో పదకొండు వేలమంది ఒక్కసారిగా దిగడంతో సమానమన్నమాట! నలుగురు దిగితే నలభైనాలుగు వేలమంది. తిరునాళ్లనాటి రేవులో కూడ మనిషి వంతుకు ఇంతకంటె ఎక్కువ నీరే ఉంటుంది. పైగా, ఆ మహాకొలనుకు నీటిని పగలూ రాత్రీ త్రిప్పే పంపులు, ఇసుక వడపోతలు, క్లోరిన్ కలిపే యంత్రాలు, పరీక్షించే మనుష్యులు ఉంటారు. మా తొట్టికి ఉన్నది నా కంటిచూపు ఒక్కటే.

ఒక్కొక్క మనిషి నీటిలోకి తీసుకొనిపోయేది ఏమిటి? చెమట, దుమ్ము, తలనూనె సరే. మర్యాదస్థులు పైకి అనని మాట మరొకటున్నది. బాగా కడుగుకొన్నామని అనుకొనే మనిషి ఒంటిమీద కూడ సగటున 0.14 గ్రాము మలాంశం మిగిలి ఉంటుందని అమెరికాలోని వ్యాధి నివారణ కేంద్రంవారు చెబుతారు. చిన్నపిల్లల సంగతి అంతకంటె హెచ్చుగానే ఉంటుంది. వారు నీటిలో కూర్చుంటారు, ఆ నీటినే పుక్కిలించి ఒకరిమీద ఒకరు ఊస్తారు, సగం మింగుతారు. మా పెద్దమనుమడు నోటితో నీటిధార చిమ్మడంలో నేర్పరి. అతని విద్యను చూచి నేనే చప్పట్లు కొట్టినాను.

నీరు నిలవ ఉన్నకొద్దీ క్రిములు పెరుగుతవని మనం సాధారణంగా చెబుతాము. అది నిజమే గాని, సగం నిజం. ప్రేగులలో ఉండే ఈ.కోలై అనే సూక్ష్మజీవి తనకు అన్నివిధాల అనుకూలమైన చోట 20 నిమిషాలకు ఒకటి రెండవుతుంది. ఆ లెక్కన పది గంటలలో ఒకటి 107 కోట్లు కావలె. ఈ లెక్క నల్లబల్ల మీద వేస్తే పిల్లలు నోరు తెరుస్తారు. కాని, తొట్టి నీరు ప్రయోగశాలలోని పులుసు కాదు. అక్కడ దానికి తగిన ఆహారం లేదు. ఎండకు కొన్ని చస్తవి. ప్రేగులకు సంబంధించిన జబ్బులలో అసలు ప్రమాదం నీరు పాతబడడం కంటె ముందే ఉన్నది. ఒక పిల్లవాడు విడిచినదానిని మరొక పిల్లవాడు కొద్ది నిమిషాలలోనే మింగడం. ఉదయం పోసిన కొత్తనీరైనా, జబ్బుగా ఉన్న బిడ్డ ఒకడు అందులో దిగితే పదిగంటలకు పాతనీటితో సమానమే. కాబట్టి నీటిని మార్చడం ఎంత అవసరమో, నీటిలోకి ఎవరిని దింపుతున్నామో చూచుకొనడం అంతకంటె అవసరం. ఈ భేదం తెలియక చాలమంది, నీళ్లు మార్చినాము గదా అని నిశ్చింతగా ఉంటారు.

ఇక పాతనీటి చిక్కులు వేరు. నా చేతికి తగిలిన ఆ జారుడు ఏమిటి? సూక్ష్మజీవులు గోడను పట్టుకొని, తమ చుట్టూ తామే ఒక జిగటపొర అల్లుకొని, అందులో కాపురం పెడతవి. పంటిమీద పాచివంటిదే ఇదీ. హాలెండు దేశపు బట్టల వర్తకుడు లేవెన్‌హుక్ తాను స్వయంగా అరగదీసిన కటకాలతో 1676లో మిరియాలు నానిన నీటిలో ఈ సూక్ష్మప్రాణులను చూచి లోకానికి తెలిపినాడు. 1683లో తన పంటిపాచిలోనూ అవి కదలడం చూచినాడు. ఆ పొర లోపల ఉన్న క్రిములకు పైన పోసే మందు సులభంగా అందదు. నీళ్లు పారబోసి, గోడ తోమకుండ మళ్లీ నింపితే, పాత కాపురంవారే కొత్తనీటిలోకి దిగివస్తారు. కంటికి కనబడకముందే ఈ పొర వ్రేలికి తెలుస్తుంది. తొట్టి శుభ్రతను పరీక్షించడానికి కన్ను కంటె చూపుడువ్రేలు నమ్మకమైన సాధనమని నేను నేర్చుకొన్నాను.

తేటదనానికీ శుభ్రతకూ ఉన్న ఈ తేడా మన పెద్దలకు ఒకవిధంగా సమస్యే కాలేదు. గోదావరి వరదనీరు ఎర్రగా వచ్చినప్పుడు పటిక త్రిప్పేవారు. చిల్లగింజను అరగదీసి కలిపేవారు. బురద బరువెక్కి అడుగుకు దిగి, పైన తేటనీరు నిలిచేది. ఆ బురదతో కొన్ని క్రిములు కూడ దిగుతవి గాని, అన్నీ దిగవు. అందుకే తెలిసినవారు తేర్చిన నీటిని కాచి త్రాగేవారు. తేర్చడం ఒక పని, క్రిములను చంపడం మరొక పని. మా తొట్టి నీరు మొదటినుంచీ తేటగానే ఉన్నది. అదే నన్ను మోసగించినది. బురదనీరై ఉంటే పారబోసి ఉండేవాడను.

ఆసుపత్రినుంచి పిల్లవాడు తిరిగివచ్చిన తరువాత నాకు తోచిన మొదటి ఉపాయం బ్లీచింగ్ పౌడరు. మునిసిపాలిటీవారు చేసే పనినే మనమూ చేద్దామని, రసాయనశాస్త్రం బోధించిన పాత మిత్రుని అడిగినాను. ఆయన నవ్వి, "మాస్టారూ, తూచడానికి ఏమున్నది మీ ఇంట?" అన్నాడు. లెక్క చెప్పినాడు. ఈతనీటిలో లీటరుకు కనీసం 1 మిల్లీగ్రాము క్లోరిన్ ఎప్పుడూ మిగిలి ఉండవలె. 2 మిల్లీగ్రాములు వేద్దామనుకొంటే 225 లీటర్లకు కావలసినది 450 మిల్లీగ్రాములు. మంచి బ్లీచింగ్ పౌడరులో నూటికి 30 పాళ్లు క్లోరిన్ ఉంటుందనుకొంటే, వేయవలసిన పొడి ఒకటిన్నర గ్రాము. చిటికెడుకు కొంచెం ఎక్కువ! మనం చెంచాతో వేస్తాము. అది మూడు నాలుగు రెట్లవుతుంది. పిల్లల కళ్లు, చర్మం మండుతవి. పోనీ, సంచి విప్పి నెలలైన పొడి అయితే, తేమకు, వేడికి దానిలోని సారం ఎంత పోయినదో తెలియదు. అప్పుడు వేసినా వేయనట్టే. ఎక్కువో తక్కువో తప్ప, సరియైన పాలు మన చేతికి రాదు.

వేసినది కూడ నిలవదు. నడినెత్తి ఎండలో, లోతు లేని నీటిలోని క్లోరిన్ గంట గడవకముందే సగానికి సగం నశిస్తుంది. మిగిలినది చెమటతో, మూత్రంతో కలిసి క్లోరమీన్లు అనే వేరు పదార్థాలుగా మారుతుంది. ఈత కొలనుల దగ్గర ముక్కును కుట్టే ఘాటు వాసన వస్తే "మందు బాగా వేసినారు, నీరు శుభ్రం" అని మనం సంతోషిస్తాము. నిజానికి ఆ వాసన ఎక్కువగా ఈ క్లోరమీన్లదే. కళ్లు ఎర్రబడేదీ వాటివల్లనే. నీటిలో చేరిన మురికికి అది చాటింపు.

కుళాయి నీటిలో మునిసిపాలిటీవారు కలిపిన క్లోరిన్ ఉండనే ఉన్నది గదా అని ఒక ప్రశ్న. ఉన్నది. త్రాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం మిగిలి ఉండవలసినది లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాము. అది గొట్టంలో వచ్చే నీటికి కాపలా. నలుగురు పిల్లలు దిగిన తొట్టికి చాలదు. ఉన్నత పాఠశాలల సైన్సు ఉపాధ్యాయులు దీనిని పిల్లలకు ప్రత్యక్షంగా చూపవచ్చును. నీటి పరీక్షకు వాడే క్లోరోస్కోపు ఒకటి సంపాదించి, చుక్కల మందును ఉపాధ్యాయుడే తన చేతితో వేసి, అప్పుడే పట్టిన కుళాయి నీటికి వచ్చే పసుపురంగును, గంటసేపు ఎండలో వెడల్పు పళ్లెంలో ఉంచిన అదే నీటికి వచ్చే రంగును ప్రక్క ప్రక్కన పెట్టి చూపితే, పుస్తకంలో పది వాక్యాలు చెప్పలేనిది ఆ రెండు గొట్టాలు చెబుతవి.

క్లోరిన్ సరిగా ఉన్నా లొంగని క్రిమి ఒకటున్నది. దాని పేరు క్రిప్టోస్పోరిడియం. గట్టి పెంకులో దాగి, సరియైన పాలు కలిసిన నీటిలో కూడ వారం రోజులకు పైగా బ్రతుకుతుంది. ఈ.కోలై మాత్రం సరియైన క్లోరిన్ ఉంటే నిమిషంలోపల చస్తుంది. కాని ఆ "సరియైన" అనే మాటలోనే కష్టమంతా ఉన్నది. 1998 వేసవిలో అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని ఒక జలక్రీడా వనంలో పసిపిల్లల కొలనులో ఇటువంటి అపాయమే జరిగినది. ఈ.కోలైలో ఓ157 అనే ప్రమాదకరమైన జాతి నీటిలో చేరి 26 మందికి జబ్బు చేసినది. ఒక పసిబిడ్డ మూత్రపిండాలు చెడి మరణించినది. ఆ కొలనుకు యంత్రాలున్నవి, పనివారున్నారు. అయినా క్లోరిన్ చాలినంత లేదు. లోతు తక్కువ, ఎండ ఎక్కువ, పిల్లలు ఎక్కువ. పసివారి కొలనులో క్లోరిన్ త్వరగా ఖర్చయిపోవడానికి అన్ని కారణాలూ కూడి ఉంటవి. యంత్రాలున్నవారికే సాధ్యం కానిది, చిటికెడు పొడితో నాకు సాధ్యమవుతుందా? ఇట్టి చిన్న తొట్లలో క్లోరిన్ వేయవద్దనే ఆ దేశపు ఆరోగ్యశాఖవారు కూడ సలహా ఇస్తారు. మా ఇంట వేపాకు, పసుపు ప్రస్తావన కూడ వచ్చినది. వాటిమీద నాకు గౌరవమే. కాని, నాలుగు రెబ్బలు వేసినంత మాత్రాన 225 లీటర్లు శుద్ధి కావు. ఆకులు కుళ్లితే ఆ మురికి కూడ జతపడుతుంది. ఒక హెచ్చరిక మాత్రం మరువరాదు. మరుగుదొడ్లు కడిగే ఆసిడ్‌ను బ్లీచింగ్ పౌడరుతో ఎన్నడూ కలపకూడదు. విషవాయువు పుడుతుంది. తొట్టి కడిగేటప్పుడు కూడ ఆ రెండూ దగ్గరకు రానీయరాదు.

అయితే దారి ఏమిటి? సుమారు నాలుగున్నర వేల సంవత్సరాల క్రితం మొహెంజదారోలో కట్టిన మహాస్నానవాటిక పొడవు 12 మీటర్లు, వెడల్పు 7 మీటర్లు, లోతు 2.4 మీటర్లు. దానికీ వడపోత యంత్రం లేదు. ప్రక్కగదిలో ఒక బావి ఉన్నది. ఒక మూల నీరు బయటికి పోవడానికి మనిషి పట్టేటంత ఎత్తైన కాలువ ఉన్నది. నీటిని తెచ్చే దారితోబాటు పంపే దారిని కూడ ఆ కట్టినవారు ఆలోచించినారు. మా తొట్టికి అటువంటి కాలువ లేకున్నా, అడుగున ఒక బిరడా ఉన్నది. వడపోత లేని తొట్టికి ఆ బిరడాయే వడపోత. ఆడుకొనడం పూర్తికాగానే దానిని తీయవలె, మరునాటికి ఉంచకూడదు. ఇంతకు మించిన మందు లేదు.

అప్పుడు మళ్లీ పదిహేను బిందెల ప్రశ్న వచ్చినది. నా భార్య అభ్యంతరం న్యాయమైనది. నీటి కొరత ఉన్న ఊళ్లో దానిని కొట్టివేయడానికి వీలులేదు. చివరకు కోడలే పరిష్కరించినది. చిన్నపిల్లలు కూర్చుని ఆడుకొనడానికి జానెడు లోతు ఎందుకు, నాలుగంగుళాలు చాలదా అన్నది. సగం లోతుకు సగం నీరు, ఎనిమిది బిందెలు. ఆ నీటిలో మందు కలపలేదు కనుక, ఆట ముగియగానే చెంబులతో తోడి డాబా మీది మల్లెకుండీలకు, పెరటిలోని కరివేపచెట్టుకు, మునగచెట్టుకు పోసినాము. ఆకుకూరల మడికి మాత్రం వద్దన్నాను. పచ్చడికి ఏరుకొనే ఆకుల మీద ఆ నీరెందుకు? "ఎట్లాగూ చెట్లకు పోసే నీళ్లే, ముందు పిల్లలు కాసేపు ఆడుకొంటే నాకేమి అభ్యంతరం?" అన్నది నా భార్య. అంతకు ముందు మల్లెలకు ప్రత్యేకంగా మోసిన బిందెలు తగ్గినవి కూడ.

దినచర్య ఇట్లా కుదిరినది. పిల్లలు మొదట మరుగుదొడ్డికి పోయివచ్చి, సబ్బుతో స్నానం చేసి, కాళ్లు కడుగుకొని తొట్టిలో దిగవలె. తలంటు నూనె రాసిననాడు తొట్టి లేదు. ఎవరికైనా విరేచనం పట్టినదంటే, వాడు ఎంత ఏడ్చినా దిగడానికి వీలులేదు; తగ్గిన మరునాడే దింపకూడదు, క్రిప్టోస్పోరిడియం అని డాక్టరు చెబితే తగ్గిన తరువాత రెండు వారాలు ఆగవలె. నోటితో ధార చిమ్మే విద్యకు స్వస్తి. ఇది అన్నిటికంటె కష్టమైనది. ఒక గిన్నె, రంధ్రాల డబ్బా ఇచ్చి చేతులకు పని కల్పించిన తరువాతనే కొంత తగ్గినది. పసివాడు తొట్టిలోనే మలవిసర్జన చేస్తే అందరినీ పైకి తీసి, నీరు పారబోసి, తోమి, ఆ పూటకు ఆట కట్టివేయవలె. ఆ నీరు చెట్లకు కూడ వద్దు, మురుగుకాలువకే. రోజూ నీరు తీసిన తరువాత సబ్బు, కొబ్బరిపీచుతో లోపలి గోడలు, ముఖ్యంగా గాలిగొట్టాలు కలిసే మడతలు తోమి, కడిగి, పిట్టగోడకు ఆనించి నాలుగు గంటలు ఎండబెట్టేవాళ్లం. ఎండకు ఖర్చు లేదు, మన వేసవిలో కొరతా లేదు.

తోమడం దోమలకోసం కూడ. డెంగ్యూను మోసే చారల దోమ మురుగుకాలువలను వెదకదు. ఇటువంటి మంచినీటి పాత్రలనే కోరుతుంది. నీటిలో కాదు, నీటికి అంగుళం పైన తడిగోడకు గుడ్లు అంటిస్తుంది. నీరు పారబోసినా ఆ గుడ్లు ఎండి, నెలల తరబడి బ్రతికి ఉండి, మళ్లీ నీరు తగలగానే పొదుగుతవి. గుడ్డు దోమ కావడానికి వారం పదిరోజులు చాలు. దోమకడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ తొలిసారి చూచినది 1897 ఆగస్టు 20న, మన సికిందరాబాదులోనే. అది వేరొక జాతి దోమ. కాని, జ్వరాన్ని వెదుకుతూ నిలవనీటి దాకా నడిచిన ఆ దారి తెలుగు నేలమీద నుంచే సాగినది. వారానికొకసారి శుక్రవారంనాడు నీటి పాత్రలన్నీ ఖాళీచేసి ఆరబెట్టవలెనని ఆరోగ్యశాఖవారు మన ఊళ్లలో చాటేది ఇందుకే. వాన వెలిసిన తరువాత డాబా మీద మరచిన తొట్టి ఈ దోమకు పుట్టిల్లు. వాడనప్పుడు గాలి తీసి, మడిచి ఇంటిలో పెట్టవలె.

రోజూ ఖాళీ చేయడానికి మరొక కారణమున్నది. అది శుభ్రతకంటె పెద్దది. నాలుగంగుళాల నీరు అంటే మనకు పాదం మునగదనిపిస్తుంది. తప్పటడుగుల బిడ్డ బోర్లపడితే రెండంగుళాలు చాలు. ఆ వయసున తల బరువు. లేవడానికి చేతులకు బలం చాలదు. పైగా, మునిగే బిడ్డ కేక వేయడు, నిశ్శబ్దంగా అయిపోతుంది. మధ్యాహ్నం ఇల్లంతా కునుకు తీసే వేళ, నీళ్లున్న తొట్టి డాబా మీద ఉండనేకూడదు. ఆడుకొనేటప్పుడు పెద్దవారు ఒకరు చేయి చాచితే అందేటంత దగ్గర కూర్చోవలె; పుస్తకం, ఫోను ఏదీ చేతిలో ఉండకూడదు. పత్రిక చదువుతూ కాపలా కాసిన ఆ మొదటి వారం తలచుకొంటే, విరేచనాలతో పోయినది మా అదృష్టమేనేమో అనిపిస్తుంది.

సెలవులు ముగియడానికి నాలుగురోజుల ముందు, ఒక ఉదయం ప్రక్కయింటి చిన్నవాడు తువాలు భుజాన వేసుకొని మెట్లమీద నిలబడినాడు. వెనుక వాళ్లమ్మ. ఆ రెండు రాత్రుల తరువాత ఆమె మా డాబా ఎక్కడం అదే మొదలు. "రా అమ్మా," అన్నాను. "వీడు ఊరుకోవడం లేదు మాస్టారూ," అన్నది. అప్పుడే ఎనిమిదవ బిందె వంపినాము. నీరు ఇంకా కదులుతున్నది. ఆమె నా ముఖం చూడలేదు, ఎర్రచేపలనూ చూడలేదు. వంగి, తొట్టి లోపలి గోడమీద చూపుడువ్రేలు ఆనించి, ఒకసారి గట్టిగా రాచి చూచినది. వ్రేలిని బొటనవ్రేలితో రుద్దుకొన్నది. తరువాత కొడుకు చేయి వదిలినది.